అవ్వ దిగిన కారు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం పదవీ విరమణ చేసినవారి హక్కు అంటారు. నాకు ఆ హక్కు త్వరగా దక్కింది. పాత కార్లను బాగుచేయించే పని నుంచి నేను ఇరవై ఆరో ఏటనే విరమించాను, తిరిగి చేరే ఉద్దేశం లేదు. ఈ ఏడు ఇంజనీరింగు పట్టాతో బయటికి వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళలో, కాలేజీ చర్చాపోటీల కప్పులు అద్దాల బీరువాలో పేర్చుకున్నవారు కొందరైనా ఉంటారు. ఇది వారి కోసం. సరైన మాటను సరైన చోట, సరైన గొంతుతో చెబితే సరైన ఫలితమే వస్తుందని మనకు నేర్పారు. ఆ మాటను పక్కవాళ్ళు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారో మాత్రం ఏ న్యాయనిర్ణేతా చెప్పలేదు.

తిరుపతిలో మెకానికల్ చదివి, అక్కడే ఒక కార్ల షోరూములో చేరాను. వచ్చినవారికి చిరునవ్వుతో టీ ఇచ్చి, వాళ్ళ బండికి లేని జబ్బులను వివరించడం నా పని. అక్కడికి తరచూ వచ్చేవారిలో పూతలపట్టు దగ్గరి మామిడి మండీ యజమాని ఒకరు. అరవై దాటిన మనిషి, నెమ్మదైన మాట. ఒకరోజు టీ తాగుతూ అడిగారు.

"మా ఇంట్లో అమెరికా కారు ఉండాది పాపా. మా నాయన మద్రాసులో కొన్నింది. ఆయన పొయ్యినప్పుడు నిలిచిపోయింది, మళ్ళీ కదల్లేదు. పనోళ్ళను నేను పెడతా. పక్కన నిలబడి సూసుకునే సదువుకున్న మనిషి కావాల. వస్తావా?"

"ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు సార్?"

"మా అమ్మ కోసరం. ఆ కార్లో ఆమె ఒక దినం గూడా కూర్చోలే. ఎనభై దాటినాయి ఆమెకి. అది మళ్ళీ గేటు దాటే దినం మా అమ్మే మొదట కూర్చోవాల. అంతే నా కోరిక."

ఆ ఒక్క వాక్యానికి నేను షోరూము ఉద్యోగం వదులుకున్నాను. ఇంట్లో అమ్మ తల పట్టుకుంది. నేను మాత్రం, మనిషి పని చేయడానికి ఇంతకన్నా మంచి కారణం ఉంటుందా అని ఎదురుప్రశ్న వేశాను. ప్రశ్నకు జవాబు రాకపోతే గెలిచినట్టేనని లెక్కపెట్టుకునే రోజులవి.

ఇంటి పక్కన, ఖాళీ మామిడి పెట్టెల మధ్య, ఒక రేకుల షెడ్డులో ఉండేది ఆ కారు. పడవంత పొడవు. వెనక రెండు వైపులా చేప రెక్కల్లాంటి రేకులు. ముందు బంపరు ఒకప్పుడు అద్దంలా మెరిసి ఉండాలి. నేను చూసేనాటికి ఎండిన చింతతొక్కు రంగులో ఉంది. డ్రైవరు కాళ్ళ కింద నేల లేదు. తలుపు తీసి కిందికి చూస్తే షెడ్డు మట్టి కనిపించేది.

విచిత్రమేమిటంటే, ఎక్కువ తుప్పు వాన తగిలిన చోట లేదు. షెడ్డు ఎన్నడూ కారలేదు. బానెట్టు మీద వరుసగా, రూపాయి బిళ్ళంత గుంటలు పడి ఉన్నాయి. రేకుల పనికి వచ్చిన చిత్తూరు టింకరు వాటి మీద వేలు తిప్పి, నా వైపు చూసి నవ్వాడు.

"ఇవేందో తెలుసునా మేడం? బొట్లు."

నిజమే. కారు కదలకపోయినా ఆ ఇంట దానికి పూజ ఆగలేదు. ప్రతి శుక్రవారం కడిగేవారు. పసుపు తడిపి పూసి, దానిమీద కుంకుమ పెట్టేవారు. ఆయుధపూజకు కొబ్బరినీళ్ళు బానెట్టు మీద చల్లేవారు. ఆ తడి పసుపు ముద్ద కింద రంగు ఉబ్బి, రంగు కింద ఇనుము కుళ్ళింది. కడిగిన నీళ్ళు తలుపుల అడుగున చేరి, బయటికి పోయే దారి లేక నేలను తినేశాయి.

"దేవున్ని చేసి సంపినారు," అన్నాడు టింకరు. "ఊరికే ఇడిసిపెట్టి ఉంటే బతికి ఉండేది."

ఆయన ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళి వచ్చాకే సుత్తి పట్టేవాడు. పనిలో దిట్ట, మాటలో కోతలరాయుడు. దేన్నడిగినా "ఇడ్లీ తినేలోగా అయిపోతాది" అనేవాడు. ఆ ఇడ్లీలు నెలల తరబడి సాగాయి. కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు అతకాల్సిన చోట, లప్పం మెత్తి రంగు కొట్టేద్దామని ఆయన వాదన. కోయాల్సిందేనని నాది. ఈ గొడవలో నేనే గెలిచేదాన్ని. ఓడినప్పుడల్లా ఆయన టీ తెప్పించేవాడు.

"మీతో వాదించేదానికంటే రేకు కోసేదే సులువు మేడం."

కొన్నాళ్ళకు 'మేడం' పోయి 'పాపా' వచ్చింది. దాన్ని నేను పదోన్నతిగా స్వీకరించాను.

పని ఇంట్లోనే ఎందుకు జరగాలో కూడా చెప్పాలి. లారీ మీద వేసి తిరుపతి తీసుకుపోతే సగం కాలంలో ముగిసేది. యజమాని ఒప్పుకోలేదు. ఆ ఇంటి ఆచారం ప్రకారం బండి గేటు దాటితే తన చక్రాల మీదనే దాటాలి. "ఇంకొకరి మీద పొయ్యేది పీనిగే" అని ఆయన తండ్రి అనేవారట. రెండో నియమం మరింత కఠినం. ఇంతకాలం నిలిచిపోయిన బండి మొదటిసారి బయటికి పోవడం ముహూర్తానికే, అదీ ఇంటి మనుషులను ఎక్కించుకునే జరగాలి. అంటే కారును రోడ్డు మీద పరీక్షించడం కుదరదు. పరీక్షా, ప్రయాణమూ ఒకటే. వినగానే నేను అభ్యంతరం చెప్పాను. ఆయన చిరునవ్వుతో విన్నారు. ఆయన అన్నింటినీ చిరునవ్వుతోనే వినేవారు.

అవ్వ రోజూ పొద్దున వచ్చి షెడ్డు ముందు మామిడి పెట్టె బోర్లించుకుని కూర్చునేది. తెల్లచీర, బోసి నుదురు, ఒళ్ళో వక్కల సంచి. మొదట్లో మాట్లాడేది కాదు. వెల్డింగు మంటను చూడొద్దని టింకరు అరిస్తే, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసేది. నేల అతికిన రోజున నన్ను పిలిచింది.

"ఇప్పుడు కాలు పెడితే ఆన్తాదా పాపా?"

"ఆనుతుంది అవ్వా. ఎందుకు, ఎప్పుడూ ఎక్కలేదా?"

"యాడ ఎక్కేది? ఆయప్ప మద్రాసు నుంచి తెచ్చినప్పుడు హారతి పళ్ళెం పట్టుకోని నిలబడినా. ఎక్కమంటాడేమో అనుకుంటి. 'ఆడోళ్ళకు ఎద్దులబండి ఉండాది గదా' అన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు ఎక్కినారు, ఊళ్ళో కోమట్లు ఎక్కినారు, ఒగసారి మేకపోతు గూడా ఎక్కింది, జాతరకు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఈ అబ్బోడు కడుపులో ఉన్నప్పుడు నొప్పులొచ్చినాయి. కారు ఈడనే ఉన్నింది. తోలే ఆయప్పా ఉన్నాడు. సీటు పాడైపోతాదని బండి కట్టించినారు. వంక కాడికి పొయ్యేసరికి వాన, వంక నిండా నీళ్ళు. ఆ వంకలోనే పుట్టినాడు మీ సారు, ఎద్దులబండిలో." వక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలింది. "కాణిపాకం పొయ్యే దారి ఆ వంక మీదనే పోతాది. గేటు దాటి ముందుగా పొయ్యేటప్పుడు ఆ సీట్లో నేనుండాల పాపా. వంక దాటాల. అంతే. గుళ్ళోకి గూడా పన్లేదు నాకు."

ఆ తర్వాత నేను చేసిన పని కారు కోసం కాదు.

ఇంజను పలికింది. రంగు పడింది. సీట్లకు కొత్త రెగ్జిను వేశారు. యజమాని కాణిపాకంలో పూజకు ముహూర్తం పెట్టించారు. అప్పుడే ఇంట్లో గుసగుస మొదలైంది. యజమానికి ఒక చిన్నాయన ఉండేవారు, అవ్వకు మరిది. వరండాలో కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు, అందరికీ వినబడేలా అన్నారు.

"శుభమా అని బండి గేటు దాటేటప్పుడు ముత్తైదువ ముందుండాల. మొగుడు లేని మనిషిని ముందర పెట్టుకోని పోతారా యాడన్నా?"

నేను ఊరుకోలేదు. ఆ కుటుంబానికి నేను కూలికి వచ్చిన మనిషిని, అయినా అడిగాను. భర్త బతికుండగా ఎక్కనివ్వలేదు, పోయాక ఎక్కకూడదంటున్నారు, మరి ఆమె ఎప్పుడు ఎక్కాలి? యజమాని నా వైపు నిలబడ్డారు.

"అవన్నీ పాతకాలం మాటలు చిన్నాయనా. మా ఇంట్లో అట్లాంటివి పెట్టుకోం."

గెలిచానని ఆ సాయంత్రం ఇంటికి పోయే బస్సులో చంద్రగిరి దాకా నాలో నేనే నవ్వుకున్నాను. ఈ రోజు ఆలోచిస్తే, అప్పుడు నేను మూసింది ఒక తలుపునే అనిపిస్తుంది. వాళ్ళకు కావలసింది, తమను పాతకాలంవాళ్ళుగా చూపించని మరొక తలుపు.

దాన్ని నేనే తీయాల్సి వచ్చింది.

అప్పటి కార్లలో బ్రేకు నూనె నాలుగు చక్రాలకూ ఒకే దారిలో పోయేది. ఎక్కడ చిల్లు పడినా నాలుగూ పట్టవు. ముందు చక్రాల గొట్టాలు మార్చాం. వెనక్కు పోయే ఇనుప గొట్టం పాతదే. తుప్పు గీకితే పొరలు పొరలుగా లేచింది. కొత్తది వంచి ఇవ్వడానికి చిత్తూరులోని పనివాళ్ళు ఇంకొంత గడువు అడిగారు. ముహూర్తం వాయిదా వేయమని యజమానికి రెండుసార్లు విడిగా చెప్పాను.

"నిదానంగా పోయి నిదానంగా వస్తాం పాపా," అన్నారాయన. "పూజ కానీ, తర్వాత మార్చుకుందాం."

"నువ్వు సెప్పేది నిజమే గానీ," అన్నాడు టింకరు నాతో, "తోలేది నేను గదా. పెద్దగా తొక్కను. ఇడ్లీ తినేలోగా పోయి వచ్చేస్తాం."

ముహూర్తం రోజు ఉదయం షెడ్డు శుభ్రం చేయించి, కారు కింద పడుకుని చూశాను. వెనక కుడి చక్రం లోపలి వైపు, గొట్టం అతికిన చోట తడి ఉంది. వేలు పెట్టి వాసన చూశాను. నీళ్ళు కాదు. టింకరు వచ్చి బిగించాడు. తడి ఆగింది. ఆగిందన్న మాటకు, మళ్ళీ కారదన్న మాటకు మధ్య దూరం ఎంతో చెప్పగల మనిషి అక్కడ లేడు.

నేను లేచేసరికి వాకిలి నిండిపోయింది. బంధువులు, మండీ హమాలీలు, పక్క ఊళ్ళ రైతులు. కారుకు బంతిపూల దండలు. కొత్త రంగు మీద మళ్ళీ పసుపు ముద్దలు, కుంకుమ బొట్లు, పాత గుంటలు ఉన్న చోటనే. చక్రాల కింద నిమ్మకాయలు.

అవ్వ అప్పటికే కారులో ఉంది. వెనక సీటులో, కిటికీ పక్కన. పెట్టె అడుగున దాచుకున్న జరీ అంచు చీర, తెల్లదే. అరచేతితో సీటును నిమురుతోంది. నన్ను చూసి కిటికీలోంచి వేళ్ళు ఊపింది, చిన్నపిల్లలు బస్సులోంచి ఊపినట్టు.

విడిగా చెప్పింది వినలేదు కాబట్టి అందరిలో చెప్పాలని నిర్ణయించుకున్నాను. మనసులో లేని సందేహం గొంతులో ఉండకూడదని మా కాలేజీ కోచ్ చెప్పేవారు. అలాగే మాట్లాడాను. గొట్టం ఏమిటో, అది తెగితే ఏమవుతుందో, వంక దిగుడులో కారు బరువు ఎటు తోస్తుందో, ఊళ్ళో అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పాను. "ఈ బండిలో మనుషులు పోకూడదు. కొన్ని రోజులు ఆగండి," అని ముగించాను.

ఎవరూ మాట్లాడలేదు. వేదిక మీద అలాంటి నిశ్శబ్దం వస్తే కప్పు మనదేనని అర్థం.

యజమాని తల పంకించారు. ఆ చిరునవ్వే.

"పాప సెప్పింది న్యాయమే. ఇంజనీరు సెప్పినాక మనం వినాల." కారు దగ్గరికి పోయి తలుపు తీశారు. "అమ్మా, నువ్వు దిగు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "సార్, అవ్వ ఒక్కరే కాదు. కారే కదలకూడదు."

"మా సంగతి మేం సూసుకుంటాం పాపా. ఏమన్నా అయితే మగోళ్ళం, యాడన్నా దూకతాం. పెద్దామె దూకగలదా?"

కొందరు నవ్వారు. వరండాలోంచి చిన్నాయన గొంతు వినిపించింది. "అదీ మాట! ఊరికేనా సదువుకున్న పిల్ల!"

అవ్వ కొడుకును చూసింది, నన్ను చూసింది. "మెల్లగా పోతారంట గదా నాయనా, కూర్చోని ఉంటా," అంది. ఆయన చేయి అందించారు. ఆ చేయి వెనక్కు పోలేదు. ఆమె ఒక కాలు, తరువాత ఇంకో కాలు నేల మీద పెట్టింది.

దిగగానే ఆయన వంగి ఆమె కాళ్ళకు మొక్కారు. ఆయన తరువాత తమ్ముళ్ళు, వాళ్ళ బిడ్డలు. వరసలో నిలబడి మొక్కారు. ఆమె ప్రతి తల మీదా చేయి పెట్టింది. ఆ చిత్తశుద్ధిని నేను శంకించను. శుక్రవారాలు కారును కడిగినవాళ్ళు కూడా చిత్తశుద్ధితోనే కడిగారు.

అప్పుడు యజమాని భార్య, పట్టుచీర, తలనిండా మల్లెపూలతో వచ్చి, అవ్వ లేచిన చోట, కిటికీ పక్కనే కూర్చున్నారు.

"మరి ఈమెకు బ్రేకు అక్కర్లేదా సార్?" నా గొంతు నాకే వికారంగా వినిపించింది. ఆమె కళ్ళు దించుకున్నారు. దూకగల మగవాళ్ళ మధ్య ఆమె ఎట్లా కూర్చున్నారో ఎవరూ అడగలేదు.

"ముహూర్తం దాటిపోతాది పాపా. పక్కకు జరుగు."

నేను జరగలేదు. కారు ముందు నిలబడ్డాను. స్టీరింగు వెనకనుంచి టింకరు తల బయటికి పెట్టాడు. ఆయన ముఖంలో కోతలు లేవు. "జరుగు పాపా," అన్నాడు మెల్లగా. "నేనున్నా గదా, సేతి బ్రేకు పట్టుకోనే తోల్తా. నువ్వట్లా నిలబడితే అవ్వను మళ్ళా ఎక్కించుకుంటారా?"

జరిగాను.

వెనక్కు తిరిగితే అవ్వ లేదు. బయలుదేరే బండికి తాను ఎదురుగా ఉండకూడదని ఆమెకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఆమే పోయి షెడ్డు స్తంభం చాటున నిలబడింది. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు వినిపించింది. కారు గేటు దాటింది. హమాలీలు ఈలలు వేశారు.

గొట్టం తెగలేదు. వంక దిగుడులో ఏమీ కాలేదు. భోజనాల వేళకు అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. నన్ను చూసి చిన్నాయన, "ఏం పాపా, బ్రేకు పడిందే!" అన్నారు. అందరూ నవ్వారు, ఈసారి ప్రేమగానే. నాకు ముందు విస్తరి వేశారు. తినకుండా వచ్చేశాను. ఆ ఒక్క ధిక్కారం ఎవరి కంటా పడలేదు.

నేను చెప్పింది తప్పు కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. కుళ్ళిన గొట్టం కుళ్ళిన గొట్టమే. తెగకపోవడం దాని మంచితనం కాదు. అయితే వాళ్ళు నోరు తెరిచి చెప్పడానికి సిగ్గుపడిన శకునానికి నేను బ్రేకు అని పేరు పెట్టి ఇచ్చాను. ఇంజనీరింగు భాషలో, సభాముఖంగా, తిరుగులేని తర్కంతో. నా వాదాన్ని వాళ్ళు పూర్తిగా అంగీకరించారు, ఒక్క మనిషి విషయంలో.

కొత్త గొట్టం వచ్చింది. నేనూ టింకరూ దగ్గరుండి మార్చాం. ఆయన ఇడ్లీ మాట ఎత్తలేదు. పని ముగిశాక పెడలు మీద నా బరువంతా వేసి తొక్కాను. రాయిలా నిలిచింది. యజమాని చూసి సంతోషించారు.

"ఇంకేం! అమ్మను ఎక్కించుకోని కాణిపాకం పోయి రండి. నేనేమన్నా వద్దంటానా?"

అదే నా చివరి పనిదినమని ఆయనకు ఇంకా చెప్పలేదు. అవ్వ దగ్గరికి పోయాను. ఆ రోజు నుంచి ఆమె షెడ్డు వైపు రాలేదు. ఇంటి వెనక వంటింటి గుమ్మం దగ్గర చింతపండు పిక్కలు తీస్తోంది.

"అవ్వా, బ్రేకు బాగైంది. రా, వంక దాటించుకొస్తాం."

ఆమె పిక్కలు తీయడం ఆపలేదు.

"ఆయప్ప బతికున్నన్ని దినాలు ఆయప్ప తిన్న ఆకులోనే తిన్నా పాపా. ఆయప్ప లేచినాక, మిగిలింది. అప్పట్లో అందరం అంతే." ఒక పిక్క తీసి పక్కన వేసింది. "కారన్నా ఎంగిలి కాకుండా ఎక్కుదామనుకుంటి. అది పొయ్యి వచ్చేసింది గదా."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. చర్చలో నాకు నేర్పినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. నేనూ ఒక చింతపండు తీసుకుని పిక్క తీయసాగాను. కాసేపటికి ఆమే తల ఎత్తింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"బ్రేకు బాగా పడతా ఉండాదా?"

"బాగా పడుతోంది అవ్వా."

"అయితే ఇంక ఏమని సెప్పి దించుతారు పాపా?"